చదివేవాళ్ళ వెనక నిలబడని మనిషి

ఆమె పోయిందన్న కబురు నాకు పులివెందుల బస్టాండులో, ఫోనులో తెలిసింది. పాత విద్యార్థిని ఒకమ్మాయి లింకు పంపి, కింద "మేడమ్, ఈమె మీ స్నేహితురాలే కదా?" అని రాసింది. నొక్కాను. ముందు తెర నిండా నగల దుకాణం వచ్చింది. దాన్ని మూయడానికి మూలన ఆవగింజంత గుర్తు. నొక్కబోతే వేలు జారి దుకాణంలోకే పోయాను. వెనక్కి వచ్చాను. మీరెక్కడున్నారో తెలుసుకోవచ్చా అని పేజీ అడిగింది. వద్దన్నాను. రోజూ వార్తలు పంపమంటారా అంది. వద్దన్నాను. ఈలోగా ఎవరో నాయకుడు చేతులూపుకుంటూ, ఎవరూ అడగకుండానే, ఉపన్యాసం మొదలుపెట్టాడు. పక్కన కూచున్న ముసలాయన "సౌండు తగ్గియ్యి తల్లీ, తలకాయ నొచ్చాంది" అన్నాడు. ఇదంతా దాటాక అడుగున దొరికాయి నాలుగు వాక్యాలు. జమ్మలమడుగుకు చెందిన విశ్రాంత కంప్యూటర్ ఉపాధ్యాయురాలు అనారోగ్యంతో కన్నుమూశారు. మరుసటి రోజు మధ్యాహ్నం సమాధి. అవి చదువుతూ ఉండగానే పేజీ కిందికి జారిపోయి, మధ్యలో సిమెంటు కంపెనీ వచ్చి కూచుంది.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఏ చెత్త మీద ఆ మనిషి బతుకంతా కోపంతో రగిలిపోయిందో, ఆ చెత్త కింద నుంచే ఆమె చావును తవ్వి తీసుకోవలసి వచ్చింది నాకు.

ఆమె పేరు రాయను. రాస్తే, ఆ పేరు పక్కన తమ ఫొటో అంటించుకోవడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు మా జిల్లాలో ఇంకా ఉన్నారు.

ఇంటర్నెట్ కొత్తగా మా వైపు వచ్చిన రోజులవి. ప్రొద్దుటూరులో ఒక బట్టల కొట్టు మీద గది అద్దెకు తీసుకుని ఆమె కంప్యూటర్ సెంటర్ నడిపేది. నేను మహిళా కళాశాలలో తెలుగు చెబుతూండేదాన్ని. యూనివర్సిటీ నోటిఫికేషన్ ఏదో చూసుకుందామని మొదటిసారి ఆ మెట్లెక్కినప్పుడు, ఆమె కంప్యూటర్ డబ్బా మీద అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది. జ్వరం చూస్తున్నట్టు. తెర మీద ఎవరో మంత్రి ఫొటో పైనుంచి కిందికి, గీత తర్వాత గీతగా దిగుతూ ఉంది.

"ఈయప్ప క్రాపు రావడానికే ఇంతసేపు. ఇంక మూతి ఎప్పుడొచ్చాది, మాట ఎప్పుడొచ్చాది?" అంది. అది నాతో అన్న మాట కాదు, ఆ డబ్బాతో. "ఏం మోసుకొస్తాండావే ఇంత? నేను అడిగింది ఒక తేదీ."

ఆ ఫొటో మూతి దాకా రాకముందే ఫోను లైను తెగిపోయింది. ఆమె వైరు పీకి నేలకేసి కొట్టింది. వంగి తీసుకుని, తుడిచి, మళ్ళీ పెట్టింది. ఆమె కోపం ఎప్పుడూ అంతే. కొట్టడమూ ఆమే, తుడుచుకోవడమూ ఆమే.

ఆ కోపానికి చిన్న చిన్న అలవాట్లుండేవి. పొద్దున పేపరాయన పేపరు ఇస్తే, మధ్యలో దూర్చిన రంగు కాగితాలన్నీ దులిపి ఆయన చేతికే తిరిగిచ్చేది. "నేను కొనుక్కున్న్యది పేపరు. ఇవి నీకు ఎవురిచ్చినారో వాళ్ళకియ్యి పో." పెళ్ళిపత్రిక తెచ్చినవాళ్ళను కూచోబెట్టి, "యాడ, ఎన్ని గంటలకు? అది చెప్పండి చాలు" అనేది. చర్చిలో పాస్టరు గారు ప్రసంగం సాగదీస్తే ఆమె బైబిలు టప్పుమని మూసేది. ఆ చప్పుడు అందరికీ తెలుసు. పాస్టరు గారికి మరీ తెలుసు.

వాళ్ళ తాత, నాన్న ఇద్దరూ జమ్మలమడుగు వైపు మిషను బడుల్లో పంతుళ్ళు. తాత మాట ఒకటి ఆమె తరచూ చెప్పేది.

"మా తాత చెట్టు కింద కూచోని చదువుకుంటాంటే ఊరి పెద్దోళ్ళు వచ్చి ఎనకమాల నిలబడేవాళ్ళంట మే. ఈడు ఏం చదువుతాండాడు, ఎంత దూరం చదివినాడు అని. తాత పుస్తకం మూసేవాడంట. వాళ్ళు పోయినాక మళ్ళ తెరిచేవాడంట. సగం పుస్తకం అట్ల మూసి తెరిచి చదివినాడు ఆయన."

మా స్నేహం పోట్లాటతో మొదలైంది. ఒకరోజు కాలేజీ స్టాఫ్ రూములోకి వచ్చి, నా ముందు గళ్ళ కాగితం పరిచింది. "తెలుగక్షరానికి ఎన్ని గళ్ళు కావల్ల?" అని అడిగింది. ఎందుకని అడిగితే చెప్పింది. ఒక్కో గడీ తెర మీద ఒక్కో చుక్కట. ఆ రోజుల్లో ఇంటర్నెట్ చూపించే సాఫ్ట్‌వేర్ తెరిస్తే చాలు, మా పాత కంప్యూటర్లు చతికిలబడేవి. కాబట్టి తానే ఒకటి రాస్తోందట. ఒక ఫ్లాపీలో పట్టేంత చిన్నది. బొమ్మలుండవు, పాటలుండవు, మెరిసేవీ కదిలేవీ ఉండవు. ప్రొద్దుటూరులోని తన కంప్యూటర్ నుంచి ఫోను తీగ మీద అక్షరాలు మాత్రమే పోతాయి. ఎక్కడో పల్లెలో పాత కంప్యూటర్ ముందు కూచున్న మనిషి అడిగిన కాగితం వచ్చేస్తుంది. రాగానే ఫోను పెట్టేయవచ్చు. తీరిగ్గా చదువుకోవచ్చు.

గళ్ళు మిగలాలని ఒత్తులన్నీ అక్షరం పక్కన పెడతానంది. నాకు కోపం వచ్చింది.

"ఒత్తును పక్కన పెడితే రాష్ట్రం అనే మాటే రాదు. ఎవరు చదువుతారు దాన్ని?"

"నాకు రాష్ట్రం వద్దు మే. అక్షరం వస్తే చాలు."

"అక్షరమే తప్పుగా వస్తే అసలు రానే వద్దు."

ఆమె కాగితం లాక్కుని పోయింది. ఇక రాదనుకున్నాను. కొన్ని వారాలకు మళ్ళీ వచ్చింది, కళ్ళ కింద నలుపుతో. ప్రతి వరుస కిందా ఒత్తుల కోసం జాగా వదిలింది. దానికోసం మొత్తం మళ్ళీ రాసుకుంది. "స్త్రీ", "రాష్ట్రం", "లక్ష్మి" తెర మీద నిటారుగా నిలబడ్డాయి. "సరిపోయిందా మహాతల్లీ?" అంది.

తర్వాత తిట్టడం ఆమె వంతు. ప్రభుత్వ ఉత్తర్వులను మామూలు తెలుగులో రాసిచ్చే పని నాది. భూమి కాగితాలకు ఎట్లా అర్జీ పెట్టుకోవాలి, పోలీసులు కేసు రాయకపోతే ఎవరి దగ్గరికి పోవాలి, కోర్టు తీర్పులో ఏముంది. నేను రాసింది చదువుతూ వేలితో పొడిచేది. "ఈ 'తదనుగుణంగా' ఎవురి కోసం రాసినావు? సేద్యం జీతగాడు చదువుతాడా దీన్ని? తియ్యి." పీహెచ్‌డీ చేసిన నేను, ఆమె చెప్పినట్టల్లా తీసేశాను. తీసేసిన ప్రతిసారీ వాక్యం బాగుపడేది. దానికీ నాకు కోపమే వచ్చేది.

జమ్మలమడుగులో మూతపడిన టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మొదటి గది పెట్టింది. పులివెందులలో ఒక ఎస్టీడీ బూతు వెనక రెండోది. తర్వాత ఖాజీపేటలోనూ పెండ్లిమర్రిలోనూ ఒక్కో కంప్యూటర్. ఆమె దానికి పేరు పెట్టలేదు. జనమే పెట్టుకున్నారు. సదివే పెట్టె.

పదో తరగతి ఫలితాల రోజు పులివెందులలో మిగతా నెట్ సెంటర్ల ముందు జనం ఎండలో నిలబడి ఉన్నారు. అక్కడ పేజీ తెరుచుకోవడం లేదు. బూతు వెనక మా గదిలో మాత్రం నంబరు కొట్టడం, మార్కులు రావడం, లేవడం. శనక్కాయలు పెరకడానికి పోయి అట్నుంచటే వచ్చిన ఒకామె, చేతుల మట్టి కొంగుకు తుడుచుకుని కూతురి నంబరు చెప్పింది. పాసైంది. ఆమె కేక వేసింది. నేను నవ్వుతూ పక్కకు చూస్తే, నా స్నేహితురాలు తెరకు వీపు పెట్టి, గోడ మీది క్యాలెండరు వైపు తిరిగి కూచుని ఉంది.

అదీ ఆమె పద్ధతి. ఎవరైనా చదవడానికి కూచుంటే గోడ వైపు తిరిగేది. ఏమైనా అడిగితే వచ్చి మీట చూపించేది, మళ్ళీ తిరిగేది. యంత్రాన్నీ అట్లాగే చేసింది. ఎవరు అడిగారు, ఏం అడిగారు, ఎక్కడి నుంచి అడిగారు అనేది ప్రొద్దుటూరు కంప్యూటర్ ఎక్కడా రాసుకోదు. రాసుకోవడమే సులువట. రాసుకోకుండా చేయడానికి ఎక్కువ కష్టపడ్డానని చెప్పింది. "అడిగిందిచ్చి మర్చిపోవల్ల. అంతే దాని పని."

అప్పుడు మా వైపు ఊళ్ళు రెండు పార్టీలుగా చీలి ఉండేవి. టీ అంగడి వీళ్ళది, మంగలి షాపు వాళ్ళది. ఒకే బస్సులో ముందు సీట్లు వీళ్ళవైతే వెనక సీట్లు వాళ్ళవి. ఎవరు ఎవరి ఇంట్లో నీళ్ళు తాగారో సాయంత్రానికి పెద్దమనుషులకు తెలిసిపోయేది. సదివే పెట్టె దగ్గరికి మాత్రం రెండు పార్టీల వాళ్ళూ వచ్చేవాళ్ళు. ఒకళ్ళు లేచాక ఇంకొకళ్ళు కూచునేవాళ్ళు. ఆ సంగతి నాయకుల చెవిన పడకుండా ఉంటుందా?

ఒక మధ్యాహ్నం ఆ నాయకుల్లో ఒకాయన మనిషి ప్రొద్దుటూరు గదికి వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, మెడలో పులిగోరు. వెంట వచ్చిన ఇద్దరు మెట్ల మీద ఆగిపోయారు. నేను ఏదో ఉత్తర్వు తెలుగు చేస్తూ అక్కడే ఉన్నాను. అతను చాలా మర్యాదగా మాట్లాడాడు. మీరు చేస్తున్నది మంచి పని, అన్న శానా మెచ్చుకున్నాడు, ప్రతి మండలంలో మేమే గదులు ఇప్పిస్తాం, కంప్యూటర్లు ఇప్పిస్తాం అన్నాడు.

"పెట్టె తెరుస్తానే మన అన్న ఫొటో రావల్ల మేడం. నమస్కారం పెడతా ఉండేది. అదొక్కటే."

"దీంట్లో ఫొటో రాదప్పా."

"రాకుంటే వచ్చేట్టు చెయ్యి. నువ్వు ఇంజనీరువే గదా?"

"ఇంజనీరును కాబట్టే రాకుండా చేసినా."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. అతను కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నాడు.

"సరే, ఫొటో వద్దులే. జమ్మలమడుగు గదికి ఎవురెవురు వచ్చాండారు, ఏమేం చూస్తాండారు, అది అప్పుడప్పుడు మా చెవిన వెయ్యి. అంతా మన మంచికే."

"నువ్వు ఇంట్లో కూచోని పేపరు చదువుతాంటే ఎవుడన్నా వచ్చి నీ ఎనకమాల నిలబడినాడనుకో. ఏం చేస్తావు?"

"నరుకుతా" అన్నాడు, నవ్వుతూనే.

"మరి?" అంది ఆమె.

అతని నవ్వు పోయింది. మెట్ల మీది మనుషులు లేచి నిలబడ్డారు. అతను వాళ్ళను చేత్తోనే ఆపి, చెప్పులేసుకుని దిగిపోయాడు. ఆమె పంకా కిందికి పోయి నిలబడింది. చీర వీపుకు అంటుకుపోయి ఉంది. "భయమేసిందా?" అని అడిగాను. "ఏయకుండా ఉంటాదా మే? కోపం ఎక్కువయింది గాబట్టి తెలీలేదు" అంది.

జమ్మలమడుగు గదికి వారం వారం సంతరోజున ఒక మనిషి వచ్చేవాడు. పెన్నకు అవతల పల్లె వాళ్ళది. ఇందాకటి తెల్లచొక్కా మనిషి పార్టీయే. పంచాయతీ ఎన్నికల్లో వాళ్ళ వైపు ఓడిపోయాక ఊరు విడిచి పెట్టవలసి వచ్చింది. భార్యాబిడ్డలతో ప్రొద్దుటూరులో ఉంటూ పత్తి మిల్లులో పని చేసేవాడు. అన్నిటికన్నా చివరి కంప్యూటర్ ముందు కూచుని, తెర మీద వేలు ఆనించి, ఒక్కో మాటా గొణుక్కుంటూ చదివేవాడు. తెరంతా వేలిముద్రలయ్యేవి. సంతరోజుల్లో ఆ గది చూసుకోవడానికి వచ్చే ఆమె, గోడ వైపు తిరిగే అరిచేది.

"అద్దం మీద వేలు పెట్టొద్దప్పా! తుడవలేక సస్తాండా."

"నేనే తుడుచ్చాలేక్కా" అని నవ్వి, భుజం మీది తువ్వాలుతో తుడిచి పోయేవాడు.

ఒక సంతరోజు అట్లాగే తుడిచి వెళ్ళాడు. కాసేపటికి ఊరి బయట ఢామ్మని చప్పుడు. నాపరాళ్ళ గనుల్లో తూటా పేల్చారనుకుందట ఆమె. అక్కడ అందరూ అట్లాగే అనుకుంటారు. రెండో చప్పుడుకు బజారులో షట్టర్లు పడ్డాయి. అతను ఎక్కిన ప్రొద్దుటూరు జీపును మలుపు దగ్గర ఆపి, అతన్ని దించి, బాంబులేసి చంపేశారు. మిగతా వాళ్ళను పొమ్మన్నారు. జీపు పోయింది.

మర్నాటికల్లా ఒక మాట పుట్టింది. సదివే పెట్టే పట్టిచ్చింది. వాడు ఎప్పుడొచ్చాడో, ఎప్పుడు లేచాడో ఆ యంత్రానికి తెలుసు, ఆ టీచరమ్మకు తెలుసు, ఆమె అవతలి వాళ్ళకు చెప్పింది. చచ్చిపోయిన వాని వైపు మనుషులు జమ్మలమడుగు గది తలుపులు విరగ్గొట్టి కంప్యూటర్లను రోడ్డు మీద వేసి పగలగొట్టారు. ప్రొద్దుటూరు గదికి పోలీసులు వచ్చారు. కంప్యూటర్‌తో పాటు ఆమెనూ స్టేషనుకు తీసుకుపోయారు. వెనకే నేను రిక్షాలో పోయాను.

"ఆ పొద్దు ఎవరెవరు కూచున్నారో తీసి చూపించు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అది రాసుకోదు సార్."

"కంప్యూటర్ అంటేనే అన్నీ రాసుకునేది. నాకు చెప్తాండావా?"

"రాసుకోకుండా చేసినాను సార్."

"ఏంటికి చేసినావు? దాచాల్సింది లేకుంటే ఏంటికి చేసినావు?"

ఆమె జవాబు చెప్పింది. తాత సంగతి కూడా చెప్పింది. ఇన్‌స్పెక్టరు పక్కనున్న వాని వైపు చూసి కన్ను గీటాడు. ఇప్పటికీ ఆ కన్ను గుర్తొస్తే నాకు చెయ్యి లేస్తుంది.

తర్వాత ఆమె రోజూ పొద్దున పోయి సాయంత్రం దాకా స్టేషను వరండాలో కూచోవాలి. కేసు లేదు, అరెస్టు లేదు, ఊరికే కూచోబెట్టడం. కాలేజీ అయ్యాక నేను పోయి పక్కన కూచునేదాన్ని. ఒకరోజు ఇన్‌స్పెక్టరు గదిలోకి పిలిచారు. పోతే, తెల్లచొక్కా మనిషి కుర్చీలో కూచుని టీ తాగుతున్నాడు.

"మా మనిషి పోయినాడు మేడం. నీ గది పగలగొట్టినోళ్ళు మావోళ్ళే, కోపంలో చేసినారు. దానికేం, మేమే మళ్ళ కట్టిచ్చాం. ఒక పేరు చెప్తా. ఆ పొద్దు వాడే నీ కంప్యూటర్ కాడ కూచోని కాచుకోనుండె అని మిషన్లోంచి ఒక కాగితం తీసియ్యి. నీ మీద మాట పోతాది. మాక్కావల్సిందీ అయితాది."

పేరు చెప్పాడు. అవతలి పార్టీ ఊరి ఆటో డ్రైవరు. వాడు కూడా మా గదికి వచ్చేవాడే. బస్సుల వేళలు, పత్తి ధరలు చూసుకుని పోయేవాడు. ఆ కాగితం బయటికి వస్తే వాడు జైలుదాకా కూడా పోడు. దారిలోనే పోతాడు. ఆ గదిలో ఉన్న అందరికీ అది తెలుసు.

ఆమె రెండు చేతులూ బల్ల మీద ఆనించింది. గొంతు పెంచలేదు. ఆమె అంత నెమ్మదిగా మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

"నా మిషనుకు ఏమీ తెల్దప్పా. అందుకే అది అబద్ధం చెప్పలేదు. నేనయితే చెప్పగలను. చెప్పను. నన్ను ఈడ్నే కూచోబెట్టుకోండి. సచ్చేదాకా కూచుంటా."

బయటికి వచ్చి వరండాలో తన చోట తాను కూచుంది. నేను తెచ్చిన ఉగ్గాని పొట్లం విప్పి, కోపంగా, మొత్తం తినేసింది.

పగ చల్లారకూడదనుకున్నాడేమో, ఆ తెల్లచొక్కా మనిషి ఒకరోజు చనిపోయినవాని భార్యను స్టేషనుకు తీసుకొచ్చాడు. వెంట చాలామంది మనుషులు. ఆమె వచ్చి తిడుతుంది, మన్ను పోస్తుంది, జనం చూస్తారు. అదీ వాళ్ళ లెక్క. ఆమె మెట్లెక్కి వచ్చి, వరండాలో కూచున్న నా స్నేహితురాలి ఎదురుగా కింద కూలబడింది. నుదుటి మీద బొట్టు చెరిపిన మరక ఇంకా ఉంది.

"నా మొగుడు ఏం సదువుతాండె?"

"తెల్దమ్మా."

"అన్ని సంతలకు వచ్చినాడే. ఒక్కసారన్నా సూడల్యా నువ్వు?"

"లేదమ్మా. నేను గోడ దిక్కు తిరిగి కూచుంటాంటి."

ఆమె చాలాసేపు ఆ మొహంలోకి చూసింది. ఏం వెతికిందో, ఏం దొరికిందో. లేచి, తలుపు దగ్గర నిలబడిన ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది.

"ఆయమ్మకు తెల్దు సారూ. నాకు తెల్సు. ఆయప్ప ఏం సదివేది ఇంటికొచ్చి నాకు చెప్తాండె. ఆయమ్మను పంపీయండి."

"ఏం చదివేవాడు?"

"చెప్పను."

"చెప్పు వదినా" అన్నాడు తెల్లచొక్కా మనిషి. "కేసుకు పనికొచ్చాది."

"నా మొగుడు నాకు చెప్పింది మీకేంటికి?" ఆమె గొంతు బజారు దాకా వినిపించింది. "ఆయప్ప ప్రతి సంతకూ పోతాడని పెట్టె చెప్పల్లనా? జీపు కాడ నిలబడేటోళ్ళకు తెల్దా? టీ అంగట్లో కూచునేటోళ్ళకు తెల్దా? మీ ఎనకాల ఈ పొద్దు వచ్చినోళ్ళకు తెల్దా? వాళ్ళను అడగరేం? మనుషులను అడిగేదానికి దమ్ము ల్యాక మిషన్ను అడుగుతాండారా?"

వెంట వచ్చిన మనుషుల్లో కొందరు నేల చూశారు. ఆ సాయంత్రం నుంచి నా స్నేహితురాలిని స్టేషనుకు రమ్మనలేదు.

న్యాయం గెలిచిందని రాయాలని ఉంది. గెలవలేదు. ఎవరికీ శిక్ష పడలేదు. జీపులో ఉన్నవాళ్ళెవరూ ఏమీ చూడలేదని కోర్టులో చెప్పారు. ప్రొద్దుటూరు కంప్యూటర్ స్టేషను వరండాలో కేసుల కట్టలు పెట్టుకోవడానికి పనికొచ్చింది. ఎన్నిసార్లు అర్జీ పెట్టినా తిరిగి రాలేదు. పులివెందుల బూతు ఆయన భయపడి, "వద్దులే మేడం, పిల్లలుండేవాణ్ణి" అన్నాడు. ఖాజీపేట, పెండ్లిమర్రి వాటంతట అవే ఆగిపోయాయి. కొన్నేళ్ళకు ప్రభుత్వమే ప్రతి మండలంలో కేంద్రాలు తెరిచింది. పేజీ తెరవగానే నమస్కారం పెట్టే ఫొటో. పార్టీ మారితే ఫొటో మారేది, నమస్కారం మారలేదు. లోపలికి పోవాలంటే పేరు, ఊరు, ఫోను నంబరు. జమ్మలమడుగు కేంద్రం ప్రారంభోత్సవంలో తెల్లచొక్కా మనిషి రిబ్బను పట్టుకుని నిలబడ్డాడు. అప్పటికి అతను ఇంకో పార్టీలో ఉన్నాడు.

ఆమె కలమల్లకు మారిపోయింది. అక్కడ కరెంటు ప్లాంటు పనివాళ్ళ పిల్లల బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. ఇంట్లో మాత్రం ఆ పని మానలేదు. కొత్త కంప్యూటర్లు వచ్చినప్పుడల్లా సదివే పెట్టెను వాటికి తగ్గట్టు తిరగరాసేది. ఎవరూ అడగలేదు. ఎవరికీ ఇవ్వలేదు. నేను పోయినప్పుడు తెరిచి చూపించేది. నల్ల తెర మీద తెల్లటి అక్షరాలు, కింద ఒత్తులకు చోటు.

ఒకసారి, వంటింట్లో ఆమె వంకాయలు కోస్తుండగా, చాలా ఏళ్ళుగా నా లోపల ఉన్న మాట బయటికి వచ్చేసింది. "అప్పుడు ఎవరొచ్చిందీ రాసిపెట్టి ఉంటే, నిజంగా కాపు కాసినవాళ్ళు దొరికేవాళ్ళేమో కదా?"

కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయింది.

"దొరికితే పట్టుకుంటాండ్రా? ఆ కాగితం ఎవురి చేతికి పోతాండె? నీకు తెల్దా?" అంది. ఇంకో వంకాయ తీసుకుంది. "నేను అనుకోలేదనుకుంటాండావా? పొద్దు పొద్దూ అనుకుంటా. రాసిపెట్టింటే ఏమయ్యేదో అని. ఆయన్ను తలుచుకుంటే నాకు ఏడుపు రాదు మే, కోపమే వచ్చాది. ఆయన వేలిముద్రలు ఒక్కటన్నా మిగల్లేదు. తిట్టి తిట్టి నేనే తుడిపిచ్చినా."

వంకాయ ముక్కలు నీళ్ళలో వేసి, నీళ్ళు పారబోసి, మళ్ళీ పోసింది.

సమాధి రోజున జమ్మలమడుగు పోయాను. జనం ఎక్కువ లేరు. చర్చివాళ్ళు, బడి టీచర్లు, కలమల్ల ప్లాంటు నుంచి కొందరు. పాస్టరు గారు కుర్రవాడు. ప్రసంగం పొడుగ్గా చేశాడు. ఆపేవాళ్ళెవరూ లేరు. నాకు ఆ కుర్రవాని మీద కూడా కోపం వచ్చింది.

ప్రహరీ నీడలో, అందరికీ దూరంగా, ఒక ముసలామె కూచుని ఉంది. మనిషి బాగా వంగిపోయింది. ఆ రోజు స్టేషను వరండాలో చూసిన మొహం మాత్రం అదే. దగ్గరికి పోయి పక్కన కూచున్నాను. నన్ను గుర్తుపట్టింది. ప్రొద్దుటూరు నుంచి పొద్దున బస్సుకు వచ్చానని చెప్పింది. కొడుకు పత్తి మిల్లులోనే పని చేస్తున్నాడట. పెట్టెను గుంతలోకి దించడం ఇద్దరం చూశాం.

"ఇన్నేండ్లయింది కదమ్మా" అన్నాను. "ఆ మనుషులు కూడా సగం మంది పోయారు. ఇప్పుడు ఎవరికీ ఏమీ కాదు. ఆయన ఏం చదివేవాడు?"

ఆమె తల తిప్పి నన్ను చూసింది.

"నువ్వు గూడా అడుగుతాండావా, టీచరమ్మా?"

నేను చూపు గుంత వైపు తిప్పుకున్నాను.

"ఆయమ్మ నా ఇంటికి వచ్చాండె. తెల్సునా నీకు? ఎన్ని తూర్లు వచ్చిందో. వచ్చేది, కూచునేది, ఇంత సద్ది తాగేది. పార్టీలోళ్ళను, పోలీసోళ్ళను, దేవుణ్ణి, అందర్నీ తిట్టేది. నా కొడుక్కు లెక్కలు చెప్పేది. పొయ్యేది." ఆమె గోడకు చెయ్యి ఆనించి లేచింది. "ఒక్క పొద్దు గూడా అడగల్యా."

నేను పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుని, మన్ను వేయడానికి గుంత వైపు నడిచింది.